రెండుసార్లు తడితే

“ఈ సీసా ఎవరిదని అడుగుతున్నా” అంది అత్తగారు మూడోసారి.

వంటింటి బల్ల మీద నీళ్ళ సీసా ఉంది. లోపల నీళ్ళు రాయిలా గడ్డకట్టాయి. దానికి పాత తువ్వాలు ముక్క చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు బిగించి ఉన్నాయి. ఫ్రిజ్‌లో బఠాణీల సంచి వెనక దాచిన వస్తువు ఇలా తెల్లారేసరికి బల్లెక్కుతుందని కోడలు కలలో కూడా అనుకోలేదు.

“నాదే అత్తయ్యా. పరిగెత్తి వచ్చాక చల్లగా తాగుదామని పెట్టుకున్నా.”

“తాగే సీసాకి తువ్వాలెందుకు? దానికి చలేస్తుందా?”

టీ తాగుతున్న భర్త నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరికీ చూపు సరిచేసి పంపిస్తాడు. కట్టుకున్న మనిషి నెలరోజులుగా ఎలా నడుస్తోందో మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

“పోనీ నేనే చెప్పనా?” అంది అత్తగారు. “స్నానాల గదిలో తలుపేసుకుని దీన్ని కాలికింద పెట్టి దొర్లిస్తున్నావు. పదిరోజుల్నించి వింటున్నా ఆ గడగడ. గొట్టాలు పాడయ్యాయేమో, మనిషిని పిలిపిద్దామా అనుకున్నాను కూడాను.”

కోడలు రొట్టెముక్క తుంచింది గానీ నోట్లో పెట్టుకోలేదు.

“మెట్ల మీద నీ చప్పుడు మారింది. మనకున్నవి పద్దెనిమిది మెట్లు. ఇదివరకు దడదడలాడించి దిగేదానివి. ఇప్పుడు ఒక మెట్టు టప్పుమంటుంది, ఒక మెట్టు పలకనే పలకదు. ఏమిటా అని ఇందాక తలుపు తీసి చూద్దును కదా, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి దిగుతున్నావు. నిచ్చెన దిగినట్టు!”

“నిచ్చెనలు దిగడమే కదా అత్తయ్యా నా ఉద్యోగం.”

“వేళాకోళాలకేం తక్కువ లేదు. కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగే మనిషివి, ఇప్పుడు కూర్చున్న చోటునించి లేవాలంటే ముందు గోడ వెతుక్కుంటున్నావు. నిప్పు లేకుండా పొగ రాదని నీకు నేను చెప్పాలా?”

ఆ మాట నిజానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కోడలు, మరిది, ఇద్దరూ అగ్నిమాపక కేంద్రంలోనే పనిచేస్తున్నారు. కేంద్రంలో ఆమె పేరు గడియారం. మైదానం చుట్టూ పది చుట్లు పరిగెత్తమంటే పదీ ఒకే లెక్కన, సెకను అటూ ఇటూ కాకుండా పరిగెత్తుతుంది కనక ఆ పేరు వచ్చింది. శుక్రవారం ఏడాది పరుగు పరీక్ష. అందులో నెగ్గినవాళ్ళే బండెక్కుతారు. తప్పినవాళ్ళు ఏడాదిపాటు ఫోన్ల గదిలో కూర్చుని సాయం అడిగే పిలుపులు అందుకుంటారు.

ఆ గడియారానికే ఇప్పుడు ముల్లు విరిగింది. పొద్దున్నే మంచం దిగి ఎడమకాలు నేలకి ఆనించగానే మడమలో మేకు దిగినట్టవుతోంది. మొదట్లో పది నిమిషాలు నడిస్తే సర్దుకునేది. పరుగెత్తితే పూర్తిగా పోయేది. అంచేత మరీ ఎక్కువ పరిగెత్తింది. వారం నించి సర్దుకోవడం మానేసింది. పరిగెత్తేకొద్దీ పెరుగుతోంది, ఆగినా ఆగడం లేదు. భయం అప్పుడు పట్టుకుంది ఆమెకి.

మెట్ల మీద దబదబ చప్పుడైంది. మరిది వచ్చాడు. ఆరడుగుల మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళు, అయినా ఇంట్లో ఇంకా చంటే.

“చంటీ, ఇలా రా” అంది అత్తగారు. “మీ వదిన కాలు బాగుందా లేదా? నిజం చెప్పు.”

“వదినకేం, గుర్రంలా ఉంది” అన్నాడు చంటి రొట్టె అందుకుంటూ. “రోజూ కార్డు మీద సంతకం పెట్టేది నేనే కదా. బాగా లేకపోతే పెడతానా?”

కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. పొగలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు, జోడీగా వెళతారు. ముందుమనిషి దారి చూస్తాడు. వెనకమనిషి అతని భుజం మీద చెయ్యేసి నడుస్తుంది. ముందువాడు పడిపోతే వీపు పట్టీ పట్టుకుని ఈడ్చుకొచ్చే బాధ్యత వెనకవాళ్ళది. అందుకని రోజూ పొద్దున బండెక్కే ముందు ఒకరి కార్డు మీద ఒకరు సంతకం పెట్టాలి: నా జోడీ మనిషి పనికి సిద్ధం అని. డాక్టరుతో అబద్ధమాడొచ్చు గానీ, లోపల మన ప్రాణం చేతిలో ఉన్నవాళ్ళతో ఎవరాడతారు అంటాడు అధికారి. ఆమె మూడు వారాలుగా ఆడుతోంది. చంటి చూడకుండా సంతకం పెడుతున్నాడు.

“మిమ్మల్ని జోడీ కట్టమని మీ అధికారిని అడిగింది నేను” అంది అత్తగారు. గొంతు తగ్గింది. తిట్టేటప్పటి కన్నా అదే ఎక్కువ భయం వేసింది కోడలికి. “ఇంటిమనిషి వెనకుంటే నాకు నిద్ర పడుతుందని చెప్పాను. వాడు లోపలికి పోతే వెనక్కి చూడడట కదా. చూడకూడదట కదా మీ పద్ధతిలో. నీ చెయ్యి ఉందనే నమ్మకంతో పోతాడు.”

ట్యాపు కారుతున్న చప్పుడు వినపడింది.

“ఈ ఏడాదికి పరీక్ష మానెయ్యొచ్చుగా” అన్నాడు భర్త మెల్లిగా. “ఫోన్ల గదిలో కూర్చుంటే కొంపలేం మునిగిపోవు.”

“నేను కూర్చోను.”

“ఇదివరకు రెండేళ్ళు కూర్చున్నావు కదా.”

“కూర్చున్నా కాబట్టే చెప్తున్నా! మూడో అంతస్తులో ఉన్నా, పొగ వస్తోంది, ఎవరైనా వస్తున్నారా అని ఫోన్లో అడుగుతూనే ఉందండీ ఆవిడ. వస్తున్నారమ్మా, వస్తున్నారమ్మా అని ఏడు నిమిషాలు చెప్పాను. ఆ తరవాత అడగడం మానేసింది. ఫోను చెవి దగ్గరే ఉంది. మీకు తెలీదా? ఎన్నిసార్లు చెప్పాను?”

భర్త తల దించుకున్నాడు. చంటి నములుతున్న రొట్టె నోట్లోనే ఆగిపోయింది.

“సరే” అంది అత్తగారు చివరికి. “ఇవాళ మీ ఇద్దరికీ సెలవే. చంటీ, సాయంత్రం వెంటపెట్టుకుని ఆ ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళు. ఆవిడ పరవాలేదంటే నేనింక నోరెత్తను. కాదంటే మాత్రం నేనే మీ కేంద్రానికి వచ్చి గుమ్మంలో కూర్చుంటా.”

* * *

ఫిజియో పొట్టి మనిషి, బొటనవేళ్ళు మాత్రం ఇనుపవి. ముందు కాలు చూడలేదు, బూట్లు చూసింది. మడమ దగ్గర అరిగి ఒక పక్కకి ఒరిగిపోయిన వాటిని తిరగేసి పట్టుకుంది.

“ఇవి ఎన్నాళ్ళవి?”

“ఏడాదిన్నర అయిందండి.”

“వేరే జత లేదా?”

“ఉందండి. కొత్తవి. పరీక్ష రోజున వేసుకుందామని దాచాను.”

“దాచుకోవడానికి అవేమైనా నగలా అమ్మా? వారానికి ఎంత పరిగెడతావు?”

“పాతిక కిలోమీటర్లు. ఈమధ్య యాభై.”

“ఈమధ్య అంటే?”

“మూడు వారాలు.”

“ఎక్కడ?”

“వంతెన మీద. ఎత్తు ఎక్కుతూ.”

ఫిజియో తలుపు దగ్గర బరువు చూసే యంత్రం పక్కన నిలబడ్డ చంటి వైపు తిరిగింది. “ఏం బాబూ, కోరి తెచ్చుకోవడమంటే ఇదే కదూ?” అంది. చంటి ఫోను చూసుకుంటూ నవ్వాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆమె తయారై వచ్చింది. మడమ నొప్పి గురించి దొరికిందల్లా చదివేసి వచ్చింది. పాదం అడుగున మడమ నుంచి వేళ్ళదాకా ఒక పట్టీ ఉంటుంది. అది వాచితే నెమ్మదిగా తగ్గుతుంది, మోతాదు చూసుకుని పరిగెత్తనిస్తారు. మడమ ఎముకే చిట్లితే ఇక మాటల్లేవు, నెలల తరబడి కాలు కింద పెట్టనివ్వరు. కాబట్టి ఒక నొప్పి ఒప్పుకోవాలి, రెండోది దాచాలి. ఇదీ ఆమె పెట్టుకున్న లెక్క.

ఫిజియో వేళ్ళు పైకి వంచి, అరికాలి అడుగున మడమ ముందుభాగంలో బొటనవేలు గుచ్చింది.

“ఇక్కడ?”

“అమ్మా! అక్కడేనండి.” ఆ అరుపు నిజమే. దాన్ని దాచక్కర్లేదు.

“పొద్దున లేవగానే ఎక్కువా?”

“అవునండి. నడుస్తుంటే తగ్గుతుంది.” ఇది నెల కిందటి నిజం.

“ఇప్పుడు మడమని రెండు పక్కల్నించి కలిపి నొక్కుతాను. పట్టీ వాపైతే దీనికి నొప్పెట్టదు. ఎముక చిట్లితే మాత్రం ప్రాణం పోయినట్టుంటుంది. దాపరికం లేకుండా చెప్పాలి. చిట్లిన ఎముక మీద పరిగెడితే ఒక రోజు అడుగు మధ్యలో విరుగుతుంది. చెప్పి రాదు. అర్థమైందా?”

“అర్థమైందండి.”

ఫిజియో నొక్కింది.

ఆమెకి కళ్ళముందు గది తెల్లబడిపోయింది. పైప్రాణాలు పైనే పోయాయి. తేలుకుట్టిన దొంగలా పళ్ళు బిగించి, గోడ మీద అస్థిపంజరం పాదం బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది. మొహం మీద ఒక్క గీత కదలలేదు. కదలకుండా ఉంచడం ఆమెకి నేర్పారు. పొగలో అరిస్తే ఊపిరి వృథా.

“ఏమీ లేదండి” అంది.

“నిజంగా?”

“నిజంగానే.”

“పైపెదవి మీద ఆ చెమటేమిటి?”

“గదిలో ఉక్కగా ఉంది.”

ఫిజియో కాసేపు ఆమె మొహంలోకే చూసింది. తరవాత కాగితం తీసుకుంది. “పక్కల్నించి నొక్కితే నొప్పి లేదని నువ్వు చెప్పావు. నువ్వు చెప్పిందే రాస్తున్నాను. పిక్కలు సాగదియ్యి. మంచం దిగే ముందు తువ్వాలుతో వేళ్ళు వెనక్కి లాగు. ఆ కొత్త బూట్లు ఈరోజే తియ్యి. వంతెన జోలికి వెళ్ళకు. నొప్పి పెరిగితే ఆ క్షణమే ఆగు, ఎక్స్‌రే ఫొటో తీయిద్దాం.”

గెలిచింది. కాగితం చేతికొచ్చింది. చంటి వైపు తిరిగింది నవ్వుతూ.

చంటి ఫోను చూసుకోవడం లేదు. ఆమె కుడిచెయ్యి వైపు చూస్తున్నాడు. మంచం అంచు మీద ఉన్న చెయ్యి అది. అప్పుడు గానీ ఆమెకి తెలియలేదు. ఫిజియో నొక్కినప్పుడు నోరు మూసుకుంది, మొహం దాచింది, చేతిని మరిచిపోయింది. మంచం ఇనుపకమ్మీని ఆ చెయ్యి రెండుసార్లు తట్టింది.

పొగలో మాస్కులు వేసుకుంటే మాట వినపడదు. అందుకని భుజం మీద ఒకసారి తడితే, పద, వెనకే ఉన్నాను. రెండుసార్లు తడితే, ఆగు, ఇక నావల్ల కాదు. ఫిజియోకి ఆ లెక్క తెలీదు. చంటికి తెలుసు.

* * *

దారిలో చంటి మాట్లాడలేదు. నోరు మూత పడని మనిషి, సందు చివరిదాకా ఒక్క ముక్క అనలేదు. ఆమె ఎడమపక్కకి వచ్చి, ఆమె నడక ఎంతో తనదీ అంతే చేసుకుని నడిచాడు.

“ఏంట్రా, మూగనోము పట్టావా?”

“ఏముంది వదినా మాట్లాడడానికి.”

ఇంటి మెట్ల దగ్గరికొచ్చారు. చంటి కమ్మీ మీద చెయ్యేసి ఆగాడు.

“మొన్న శిక్షణలో ఎనభై కిలోల మనిషి బొమ్మని ఈడుస్తూ పడిపోయావు చూడు. నేల తడిగా ఉంది, జారానన్నావు.”

“అవును.”

“ఆ నేల తుడిచింది నేనే వదినా. పొడిగా ఉంది.”

అంటే అప్పటినించీ తెలుసన్నమాట.

“తెలుసు” అన్నాడు చంటి, ఆమె అడక్కుండానే. “తెలిసినా తెలీనట్టున్నాను. అదే సుఖంగా ఉంది మరి. ఇవాళ నీ చెయ్యి చూశాక ఇంక అలా ఉండలేను.”

“అయితే రేపు సంతకం పెట్టకు.”

“పెట్టకపోతే నిన్ను ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు. ఆ రెండేళ్ళూ నువ్వెలా ఉన్నావో చూశాను. పెడితే నేను లోపలికి పోవాలి. నువ్వు పెద్దదానివి, నువ్వే చెప్పు. ఏం చెయ్యమంటావు?”

“శుక్రవారం దాకా ఆగరా. పరీక్ష అయ్యాక నేనే చెప్పేస్తాను, సెలవు పెడతాను, ఫొటో తీయించుకుంటాను...”

“మంటలు శుక్రవారం దాకా ఆగుతాయా వదినా?”

పైన తలుపు తెరుచుకుంది. “ఏమందిరా ఆవిడ?” అంటూ అత్తగారు పై మెట్టు దాకా వచ్చేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది గానీ చేతులు పొడిగానే ఉన్నాయి.

చంటి వదిన వైపు చూశాడు. ఒక్క క్షణం. ఆ క్షణంలో ఆమె మాట్లాడి ఉండొచ్చు.

“పట్టీ వాపేనటమ్మా” అన్నాడు చంటి. “ఎముక శుభ్రంగా ఉందట.”

అత్తగారు అక్కడే మెట్టు మీద కూలబడింది. “బతికించావు తల్లీ” అంది కోడలితో. “పొద్దున్నించి నా ఒంట్లో ప్రాణం లేదనుకో. ఏవో అనేశాను, మనసులో పెట్టుకోకు.” లేచి లోపలికి వెళ్ళి, పాత తువ్వాలు విప్పేసి, సీసాకి మెత్తటి కొత్తగుడ్డ తనే చుట్టింది. దాన్ని ఫ్రిజ్‌లో అందరికీ కనపడేలా ముందు వరసలో పెట్టింది.

ఆ సీసా చూస్తుంటే కోడలికి ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండును అనిపించింది.

* * *

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కేంద్రం ఆవరణలో కార్డులు పంచారు.

చంటి తన కలం తీశాడు. ఆగుతాడేమో అని చూసింది. ఆగితే నిజం చెప్పేద్దామనుకుంది. చంటి ఆగలేదు. ఆమె కార్డు మీద పూర్తిపేరు రాసి, కింద తేదీ కూడా వేసి, చేతికిచ్చాడు. ఇన్నాళ్ళూ చూడకుండా పెట్టాడు. ఇవాళ చూసే పెట్టాడు.

వద్దు. ఇంక వద్దు. ఫోన్ల గదే నయం. కార్డు పట్టుకుని అధికారి బల్ల వైపు నడిచింది, కుంటుతూనే. చూస్తే చూడనీ.

“సార్, ఒక్కమాట...”

గంట మోగింది.

“అంగడి వెనక మూడంతస్తుల ఇల్లు!” అధికారి అరిచాడు. “మెట్లదారంతా పొగ. పైన మనుషులున్నారు. రెండో బండి అవతల పనిమీద ఉంది. గడియారం జోడీ ముందు! ఎక్కండెక్కండి!”

“సార్, నా కాలు...”

ఆయన అప్పటికే బండి ముందుసీట్లో ఉన్నాడు. చంటి పైనుంచి చెయ్యి చాపాడు. ఆమె అందుకుంది. ఎక్కకుండా ఉండాల్సింది అని ఆ తరవాత ఎన్నిసార్లనుకున్నా, ఆ క్షణాన కాళ్ళు అలవాటు ప్రకారం ఎక్కేశాయి.

నాలుగు నిమిషాల దారి. దిగేటప్పుడు ఎడమకాలు మీద దూకింది. మడమలో ఏదో కదిలింది. నొప్పి కాదది, నొప్పికి ముందు వచ్చేది.

ఇంటి గుమ్మం దగ్గర మాస్కులు బిగించారు. ఎదురుగా మెట్లు. అలవాటుగా లెక్కపెట్టింది. తొమ్మిదిదాకా కనపడ్డాయి, ఆ పైన నల్లటి పొగ. ఆ పొగ పైనుంచి ఒక ఆడగొంతు వస్తోంది.

“ఎవరైనా వస్తున్నారా?”

అప్పుడు ఫోన్లో విన్న గొంతు కాదు. ఆ మనిషి ఎప్పుడో పోయింది. అయినా మాటలు అవే.

చంటి ముందు నిలబడ్డాడు. వెనక్కి చూడలేదు. చూడకూడదు, అదీ పద్ధతి. ఆమె చెయ్యి కోసం ఆగాడు. తను వెళ్ళకపోతే పైనున్న మనిషికి ఎవరూ లేరు. తను వెళితే చంటికి వెనక ఎవరూ లేనట్టే. ఈ రెండూ ఆమెకి అద్దంలో కనపడ్డట్టు కనపడుతున్నాయి.

“ఎవరైనా వస్తున్నారా?”

ఆమె అతని భుజం మీద ఒకసారి తట్టింది.

తట్టి, బరువు ఎడమకాలి మీదకి మార్చింది. లోపల టక్కుమంది. మాస్కులో తన అరుపు తనకే వినపడింది. చెయ్యి వెంటనే లేచింది, రెండోసారి తట్టడానికి.

చంటి అప్పటికే మూడు మెట్లెక్కేశాడు. చెయ్యి భుజానికి అందలేదు.